మాస్టారి చిన్న రైలు పాట

అప్ప పెట్టె మూత తీయగానే ఆ వాసన వచ్చింది. పాత తోలు, కలరా ఉండలు, ఇత్తడి చిలుము, అగరొత్తుల పొడి, అన్నీ కలిసిపోయి ఏళ్ళ తరబడి ఒకే పెట్టెలో మగ్గిన వాసన. నన్ను కళ్ళు మూసుకోమని ఆ పెట్టె ముందు కూర్చోబెట్టినా, ఇది మాస్టారి హార్మోనియం అని చెప్పేస్తాను.

మాస్టారి సంవత్సరీకానికి పర్లాకిమిడి వెళ్ళాను. భోజనాలయ్యాయి. చుట్టాలు ఒక్కొక్కరే బస్సులకి, రైలుకి బయల్దేరిపోయారు. విస్తళ్ళు తీసేసి, అరుగు కడిగేసి వచ్చిన తర్వాత అప్ప మంచం కింద నుంచి పెట్టె బయటికి లాగింది. "ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఎవరూ అడగడం లేదురా. ఒకసారి చూడు, ఇంకా పనికొస్తాదేమో" అంది.

అప్ప మాస్టారి కూతురు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. చుట్టరికం ఏమీ లేదు. మా వీధిలో మాకంటే పెద్దవాళ్ళయిన ఆడపిల్లలందరూ మాకు అప్పలే.

తిత్తి మడతల దగ్గర తోలు చిట్లిపోయింది. అప్ప తిత్తి ఆడిస్తే గాలి పక్కల నుంచి బుస్సుమని పోయింది. చిరుగు దగ్గర నా అరచెయ్యి అడ్డం పెట్టాను. అప్పుడు పంచమం పలికింది. షడ్జం మాత్రం పలకలేదు. మెట్టు దిగుతోంది, గాలి వస్తోంది, స్వరం లేదు. ఆ ఇంట్లో షడ్జం పలకని హార్మోనియం ఉందంటే, ఆయన బతికుండగా అయితే ఇల్లు పీకి పందిరేసేవారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఎవరూ నాకు గుర్తు లేరు కూడా. హార్మోనీ మాస్టారు. అంతే. పిల్లలకి సంగీతం చెప్పేవారు, నాటకాలకి వాయించేవారు, ఊళ్ళో ఎవరి హార్మోనియం పాడైనా బాగుచేసేవారు. వీటన్నిటితో వచ్చేది చాలీచాలని డబ్బు. ఆయన అసలు పని వేరే. పాట రాయడం, దానికి బాణీ కట్టడం, తనే పాడడం. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో అంత గొప్ప పాటలు కట్టిన మనిషి ఇంకొకరు లేరని నా నమ్మకం. అంత కోపిష్టి కూడా ఇంకొకరు లేరు.

* * *

మా ఊరు చూడనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మహేంద్రతనయ ఏటి ఒడ్డున ఉంటుంది పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. మేము ఒరిస్సా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్ళింది. ఇళ్ళల్లో మాత్రం తెలుగు అలాగే ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంత రోజున కొండల మీద నుంచి దిగివచ్చే వాళ్ళతో సవర. ఏ భాషలో మొదలుపెట్టిన బేరం ఏ భాషలో ముగిసేదో మాకు పట్టేది కాదు.

సాయంత్రం ఆరయ్యేసరికి మాస్టారి అరుగు నిండిపోయేది. ఒక మూల రేడియో. దాని ముల్లు కొంచెం ఇటు తిప్పితే విశాఖపట్నం, ఇంకొంచెం అటు తిప్పితే కటక్. కటక్ కేంద్రం 1948లో వచ్చింది, విశాఖ 1963లో. మాస్టారు రెండూ వినేవారు. ఒక చెయ్యి ఎప్పుడూ ఆ ముల్లు మీదే ఉండేది.

కటక్ నుంచి అక్షయ మొహంతి పాట వచ్చిందంటే అరుగు మీద ఎవరూ దగ్గకూడదు. ఆయన కూడా పాట రాసి, బాణీ కట్టి, తనే పాడే మనిషి. ఒడియా వాళ్ళు ఖోకా భాయి అని ప్రేమగా పిలుచుకుంటారు. వీధిలో మాటాడుకునే మాటని తీసుకుని, దానికి ఒక మెలిక వేసి పాటలో పెట్టేస్తారు. మాస్టారు కళ్ళు మూసుకుని వినేవారు. పాట అయిపోయాక మర్దళ, అంటే ఒడియా మృదంగం, వాయించే ఆయన వైపు తిరిగి "సూసినావా, ఆ మాట ఎక్కడ దించినాడో" అనేవారు. మెచ్చుకోవడానికి అంతకు మించి మాటలు ఆయన దగ్గర ఉండేవి కావు.

2002 నవంబరులో అక్షయ మొహంతి పోయారని రేడియోలో చెప్పినప్పుడు నేను ఊళ్ళో లేను. అప్ప తర్వాత చెప్పింది. ఆ రోజు మాస్టారు హార్మోనియం ముట్టుకోలేదట. సంగీతానికి వచ్చిన పిల్లలని గుమ్మం దగ్గర నుంచే పంపేసి, రాత్రి చాలాసేపు ఏటి ఒడ్డున ఒక్కరే కూర్చున్నారట. ఒక్కసారి కూడా ఎదురుగా చూడని మనిషి కోసం.

* * *

ఆయన పాట కట్టే పద్ధతి నేను దగ్గరుండి చూశాను. ముందు మాట కాదు, ముందు చప్పుడు.

మా వెనక వీధిలో కొమ్ము పనివాళ్ళు ఉండేవారు. పశువుల కొమ్ములు వేడి చేసి, వంచి, అరగదీసి దువ్వెనలు, కొంగలు, రొయ్యలు, దేవుడి బొమ్మలు చేసేవారు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలంటే ఇప్పటికీ పేరుంది. కొమ్ము కాలిన వాసన, ఆకురాయి రాపిడి చప్పుడు మాకు పుట్టినప్పటి నుంచి అలవాటే. ఒకరోజు మధ్యాహ్నం మాస్టారు అరుగు మీద పడుకుని ఉన్నారు. ఆకురాయి ఒక లెక్కలో నడుస్తోంది. రెండు పొడుగు, మూడు పొట్టి. ఆయన బొటనవేలు నేల మీద దాన్ని పట్టుకుంది. కాసేపటికి లేచి హార్మోనియం దగ్గరికి వెళ్ళారు. సాయంత్రానికి పల్లవి తయారు. దువ్వెనకి నోరొస్తే ఎవరెవరి జుట్టు గురించి ఏం చెబుతుందో అని ఒక పాట. దాన్ని మొదట ఆ కొమ్ము పనివాళ్ళ అరుగు మీదే పాడారు. వాళ్ళు పని ఆపకుండా, పాట లెక్కకి ఆకురాయి నడుపుతూ విన్నారు. అంత అందమైన తాళం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

రాగం పేరు అడిగితే ఆయనకి విసుగు. తత్వాలు పాడే నాదనామక్రియ అంటే ఆయనకి ప్రాణం. కానీ దాని మధ్యలో ఒడియా ఛాందపు నడక, అంటే వాళ్ళు పాడుకునే పద్యాల నడక, తెచ్చి పెట్టేవారు. మా ఊళ్ళోనే పుట్టిన గోపాలకృష్ణ పట్నాయక్ 19వ శతాబ్దంలో రాధాకృష్ణుల మీద రాసిన ఒడియా పాటలు ఇప్పటికీ ఒడిస్సీ గాయకులు పాడుతారు. ఆ పాటలు మాస్టారి నాలుక చివర ఉండేవి. మాట తెలుగు, విరుపు ఒడియా. రెండూ ఎక్కడ అతుక్కున్నాయో కనిపించేది కాదు.

కాగితం మీద ఏదీ పెట్టేవారు కాదు. "రాస్తే సచ్చిపోతాది" అనేవారు. అందుకే నాకు ఆ ఉద్యోగం వచ్చింది. పొడుగు నోట్‌బుక్ ఒకటి కొనుక్కుని, ఆయన పాడుతుంటే పక్కన కూర్చుని రాసుకునేవాణ్ణి. ఒడియా మాటలు తెలుగు లిపిలో రాయడం పెద్ద కష్టం. మనం జగన్నాథ అని రాస్తాం, వాళ్ళు పలికేది జగన్నాథొ. ఆ చివరి ఒకారం రాయకపోతే తాళంలో ఒక మాత్ర పోతుంది. ఆ మాత్ర పోతే ఆయన కళ్ళు ఎర్రబడేవి.

* * *

కోపం గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం కుదరదు. చెప్పాలంటే నాకు ఇప్పటికీ మనసు బాధగానే ఉంటుంది.

ఒక పెళ్ళిలో పాడుతున్నారు. పెళ్ళికూతురి తండ్రి ఎంతో బతిమాలి తీసుకొచ్చాడు. రెండో పాట మధ్యలో వెనక వరసలో ఎవరో గట్టిగా మాటాడుతున్నారు. మాస్టారు ఆపలేదు, అటు ఒకసారి చూశారు. మాటలు ఆగలేదు. చరణం మధ్యలో, మాట మధ్యలో, తిత్తి మూసి కొక్కెం వేసేశారు. లేచి, పెట్టె నెత్తిన పెట్టించుకుని వెళ్ళిపోయారు. ఆ తండ్రి చేతులు జోడించి వీధి చివరి దాకా వెంట వచ్చాడు. పెళ్ళివారి ముందు ఆయన ముఖం ఎలా అయిపోయిందో నేను చూశాను. ఆ మాటాడినవాడు ఎవరో, తప్పు ఎవరిదో. తలవంచుకుంది మాత్రం ఆ తండ్రి.

ఇంకోసారి వినాయక చవితి పందిట్లో మైకు కూత పెట్టిందని, మైకు కుర్రాణ్ణి నలుగురి ముందూ నానా మాటలూ అన్నారు. ఆ కుర్రాడికి పదహారేళ్ళు ఉంటాయేమో.

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది ఢోలక్ వాయించే కాశీనగరం ఆయన. ఒడియా మనిషి, మాస్టారి కంటే చిన్నవాడు, భాయి అనేవాళ్ళం. నిజానికి మంచి చెయ్యి. కానీ పాట ఊపందుకుంటే ఆయన చెయ్యి ఒక వెంట్రుకవాసి ముందుకి పరుగెత్తేది. "దొంగలెవరైనా తరుముతన్నారేటి నిన్ను?" అని మాస్టారు పాట ఆపి అడిగేవారు. భాయి తల వంచుకుని ఢోలక్ తాళ్ళు బిగించుకునేవాడు. ఎన్నోసార్లు ఇంక రానని వెళ్ళిపోయాడు. మర్నాడు సాయంత్రం చిన్న రైలు దిగి మళ్ళీ అరుగు మీద ఉండేవాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడిగేవారు కాదు.

పిన్ని, అంటే మాస్టారి భార్య, మమ్మల్ని ముందుగా లోపలికి పంపేది. "ఏటి వాయిస్తన్నారో సూసి రా బాబూ." నేను తొంగి చూసి చెప్పేవాణ్ణి. మోహన అయితే బియ్యానికి డబ్బులు అడగొచ్చు. ముఖారి అయితే ఇంకో గంట ఆగాలి. ఏమీ వాయించకుండా బ్లేడుతో రీడ్లు గీకుతూ కూర్చుంటే ఆ రోజు ఎదురుగా వెళ్ళకూడదు. రీడు అంటే ఇత్తడి నాలుక. కొస దగ్గర గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. ఎక్కువ గీకితే నాలుక విరుగుతుంది. ఆయన చేతిలో ఒక్కటి కూడా విరిగినట్టు నాకు గుర్తు లేదు. ఇత్తడి దగ్గర అంత ఓపిక ఉన్న మనిషికి మనుషుల దగ్గర ఎందుకు లేకపోయిందో.

కళాకారులన్నాక కోపం సహజం, ఆ కోపంలోంచే కళ వస్తుంది అని ఊళ్ళో పెద్దవాళ్ళు అనేవారు. నేను ఒప్పుకోను. నేను ఆయన పక్కన కూర్చుని చూశాను. పాట పుట్టే వేళ ఆయనంత నెమ్మదైన మనిషి లేడు. కోపం వచ్చిన రోజున ఒక్క పాదం కూడా పుట్టేది కాదు. పప్పులో ఉప్పు తక్కువైనందుకు పిన్ని మీద అరిచిన అరుపులోంచి ఏ పాటా రాలేదు. ఆమె అప్పడాలు చేసి అమ్మి ఇల్లు నడిపింది. అది కూడా ఆయన పాటల లెక్కలో రాయాలి.

* * *

ఇప్పుడు రైలు పాట.

పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది. 1900లో నౌపడ నుంచి మా ఊరికి వచ్చింది, తర్వాత గుణుపురం దాకా వెళ్ళింది. మొత్తం తొంభై కిలోమీటర్లు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. చిన్న పెట్టెలు, చిన్న ఇంజను. మేము చిన్న రైలు అనేవాళ్ళం. గట్టు ఎక్కేటప్పుడు దిగి పక్కన నడిచి, ముందు పెట్టెలో ఎక్కినవాళ్ళు ఉన్నారు. స్టీమ్ ఇంజను ఉన్న రోజుల్లో తెల్ల చొక్కా వేసుకుని ఎక్కితే బొగ్గు నలుసులతో దిగేవాళ్ళం. పనసపళ్ళ రోజుల్లో, అనాసల రోజుల్లో పెట్టె ఎక్కకముందే వాసన ఎదురొచ్చేది.

ఆ రైలు మీద మాస్టారు కట్టిన పాట మా ఊళ్ళో రానివాళ్ళు లేరు. ఢోలక్ మీద ముందు రైలు కదిలే చప్పుడు, నెమ్మదిగా, ఆగుతూ ఆగుతూ. తర్వాత ఆయన గొంతు.

"టెక్కలి దాటింది, టెంబూరు దాటింది
పాతపట్నం కాడ ఊపిరి తీసింది
పొలిమేర దాటాక ఏ బాస ఆడాలో
మరిసిపోయి కూత పెట్టింది"

ఈ చివరి పాదం దగ్గర కూత హార్మోనియం మీద వచ్చేది. పైషడ్జం, దాని పక్క మెట్టు, రెండూ కలిపి నొక్కి తిత్తి మీద ఒక్క దెబ్బ. పిల్లలం కేకలు పెట్టేవాళ్ళం. పెద్దవాళ్ళలో కొందరు మాత్రం నవ్వేవారు కాదు, కళ్ళు తుడుచుకునేవారు. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. ఊరు రెండు రాష్ట్రాల మధ్య నలిగిన రోజులు చూసినవాళ్ళు వాళ్ళు. గిడుగు రామమూర్తి గారు 1880లో ఉద్యోగానికి మా ఊరు వచ్చి, సవర నేర్చుకుని, ఆ భాషకి నిఘంటువు కట్టి, వాడుక తెలుగు కోసం అంత పోరాటం చేసి, 1936లో ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు విడిచి వెళ్ళిపోయారు. ఆ సంగతి మా ముసలివాళ్ళు నిన్న జరిగినట్టు చెప్పేవారు.

రెండో చరణంలో సవర పిల్ల బుట్టలో పనసపండు ఉంటుంది. ఆ వాసనకి గార్డుబాబు పచ్చజెండా ఊపడం మరిసిపోతాడు. ఇక్కడికి వచ్చేసరికి జనం చప్పట్లు కొట్టేసేవారు, పాట అక్కడితో అయిపోయేది. మూడో చరణం ఉంది. అది నెమ్మదిగా ఉంటుంది, కిందిస్థాయిలో నడుస్తుంది. కచేరీల్లో పాడేవారు కాదు. కట్టిన రాత్రి అరుగు మీద పాడారు. భాయి ఉన్నాడు, పిన్ని గుమ్మంలో ఉంది, నేను రాసుకున్నాను.

అక్కడ నేను తప్పు చేశాను. బడిలో మా తెలుగు పాఠాల్లో "మరిసిపోయి" అని రాస్తే తప్పు. మరచిపోయి అని రాయాలి. మాస్టారి పాట నలుగురూ చదివితే బాగుండాలని, ఇంటికి వెళ్ళి ఆ పాటంతా దిద్ది, మంచి అక్షరాలతో కొత్త పేజీలో రాసుకున్నాను. పాత పేజీ తీసేశాను. సేతులు చేతులయ్యాయి, బాస భాష అయింది, కాడ దగ్గర అయింది. మెచ్చుకుంటారనుకుని మర్నాడు తీసుకెళ్ళి చదివి వినిపించాను.

నాలుగు పాదాలు విన్నారు. నోట్‌బుక్ చేతిలోంచి లాక్కున్నారు. ఆ పేజీ నిలువునా చింపారు, మళ్ళీ చింపారు. "గిడుగోరి ఊళ్ళో పుట్టి నా పాటకి కోటు తొడుగుతావురా గుంటడా? నీ అమ్మ ఇలాగే మాటాడతాదేటి ఇంట్లో?" అన్నారు. అరుగంతా ఉంది. పిన్ని లోపల నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి ఒక పచ్చి అప్పడం పెట్టింది. ఆ ఉప్పు, మిరియం, నా కన్నీళ్ళు, అన్నీ ఒకేసారి గొంతులోకి దిగాయి.

వారం తర్వాత ఆయనే పిలిచి మొదటి రెండు చరణాలు చెప్పి రాయించారు. మూడోది అడిగితే "తరవాత" అన్నారు. ఆ తరవాత ఎన్నాళ్ళకీ రాలేదు. నా చేత ఇంకా ఎన్నో పాటలు రాయించారు. నా నోట్‌బుక్‌లో నలభై ఒక్క పాటలు ఉన్నాయి. ఆ ఒక్క చరణం దగ్గర మాత్రం పట్టు విడవలేదు. పెద్దవాణ్ణయి, ఉద్యోగం వచ్చి, సెలవులకి వెళ్ళినప్పుడు అడిగినా అదే జవాబు. "నువ్వు దిద్దుకున్న పాట నువ్వే పాడుకో."

ఆయన కోపం న్యాయమైనదే. మాట మార్చితే పాట చచ్చిపోతుందని నాకు అర్థమయ్యేసరికి ముప్పై దాటాయి. తర్వాత ఒక క్యాసెట్ల కంపెనీ వాళ్ళు ఆయన్ని పిలిచి, "మరిసిపోయి" తీసి శుభ్రమైన తెలుగు పెడితే రికార్డు చేస్తామన్నారట. స్టూడియోలోంచి లేచి వచ్చేశారు. అక్కడ కూడా ఆయనదే న్యాయం. ఆ కంపెనీ వాళ్ళు మళ్ళీ రాలేదు. కానీ పదమూడేళ్ళ పిల్లాడి మీద అంత కాలం మోసిన పట్టింపు న్యాయమైనది అని నేను అనలేను. ఒక చరణం దానికే పోయింది.

* * *

చిన్న రైలు 2004లో ఆగిపోయింది. పెద్ద లైను వేయడానికి పట్టాలు తీసేశారు. ఆఖరి రోజుల్లో ఊరంతా స్టేషనుకి వెళ్ళి, ఊరికే పాతపట్నం దాకా ఎక్కి వచ్చారట. మాస్టారిని పాడమని ప్లాట్‌ఫారం మీద అడిగారట. ఆయన పాడలేదు. ఆ తర్వాత కూడా రైలు పాట మళ్ళీ ఎవరూ ఆయన నోట వినలేదు. బండి లేని పాట అబద్ధం అన్నారు. 2011లో పెద్ద రైలు గుణుపురం దాకా వెళ్ళింది. ఇప్పుడైనా పాడండి మాస్టారూ అంటే, "ఇది ఆ బండి కాదు, దీనికి ఇంకోడెవడైనా కట్టాల" అన్నారు. అప్పటికి పిన్ని పోయి చాలా కాలమైంది.

ఆయన గొంతు మిగిలింది ఒకే ఒక్క క్యాసెట్‌లో. మా మావయ్య టేప్ రికార్డర్ తెచ్చినప్పుడు ఒక సాయంత్రం దొంగతనంగా అరుగు కింద పెట్టాం. రెండు పాటలు వచ్చాయి. దువ్వెన పాట, ఏటి మీద ఒక పాట. మూడోది మొదలయ్యేసరికి ఢోలక్ పరుగెత్తింది. ఇంక టేపు అయిపోయేదాకా భాయి మీద తిట్లే. ఆ టేపు ఇప్పుడు నా కంప్యూటర్‌లో ఉంది. ఒకప్పుడు ఆ భాగం కత్తిరించేద్దామనుకున్నాను. మానేశాను. ఆ తిట్ల వెనక పిన్ని గాజుల చప్పుడు, ఎక్కడో రేడియో, రాత్రి బండి కూత వినిపిస్తాయి.

* * *

సంవత్సరీకం నాటి సాయంత్రం, ఆ పగిలిన తిత్తి నేను పట్టుకుని, అప్ప మెట్లు నొక్కుతూ, మొదటి రెండు చరణాలు పాడుకున్నాం. షడ్జం లేని చోట అప్ప నోటితో పలికింది. అప్ప గొంతు మాస్టారిది. ఆ విషయం ఆమెకి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదనుకుంటాను. ఆయన అసలు చెప్పి ఉండరు.

రెండో చరణం తర్వాత నేను ఆగాను. అప్ప ఆగలేదు. వేళ్ళు కిందిస్థాయికి దిగాయి. మాటలు లేవు, బాణీ మాత్రం. నాకు ఒళ్ళు జలదరించింది. "ఇది నీకెలా తెలుసు?" అన్నాను.

"అమ్మ అప్పడాలు వత్తుతూ పాడుకునేదిరా. ఆయన ఇంట్లో లేనప్పుడు. మొదటి పాదం తప్ప మాటలు గుర్తు లేవు నాకు." కాసేపు ఆలోచించి పాడింది. "దిగినోళ్ళ సేతుల్లో దీపాలు ఎలిగాయి." తర్వాత పాదానికి గాలి మిగిలింది అంతే.

రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కాశీనగరం బస్సు ఎక్కాను. భాయికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఒక కన్ను కనిపించదు. నన్ను గొంతుతో పోల్చుకున్నాడు. ముఢీ (మరమరాలు), ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టించాడు. సంవత్సరీకానికి రాలేకపోయానని మూడుసార్లు చెప్పాడు. మాస్టారి మీద ఒక్క మాట కూడా అనలేదు. నేను వచ్చిన పని చెప్పాను.

భాయి చాలాసేపు మాటాడలేదు. మోకాలి మీద వేళ్ళతో మొదలుపెట్టాడు. రైలు కదిలే చప్పుడు. రెండు చరణాలు లోపల్లోపల నడిపాడు, పెదాలు కదులుతున్నాయి. మూడో దానికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. నాలుగో పాదం దగ్గర చేత్తో ముగింపు వేసి, ఆ లెక్క మీద మాట దానంతట అదే వచ్చేసింది.

"ఎక్కనోడి పేరు మాత్రం మరవనంది."

"మధ్యలో రెండు పాదాలూ?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. "అక్కడ నా చెయ్యి ఊరికే ఉంటాది బాబూ. ముగింపు ఎక్కడ వెయ్యాలో తెలియాల కాబట్టి ఆఖరి పాదం గుర్తుంది. ఆ ముగింపు కోసం ఆ రాత్రి నన్ను పదకొండుసార్లు తిట్టినారు." ఇంకోసారి మోకాలి మీద వాయించి చూపించాడు. ఈసారి చెయ్యి పరుగెత్తలేదు.

బస్సులో కూర్చుని నోట్‌బుక్ తీశాను. చింపిన పేజీ కుట్టు దగ్గర ఇంకా కొంచెం కాగితం అంచు మిగిలి ఉంది. దాని పక్క పేజీలో, రెండో చరణం కింద, అప్ప చెప్పిన పాదం రాశాను. రెండు గీతలు వదిలి, భాయి చెప్పిన పాదం రాశాను. సేతుల్లో అని, ఎలిగాయి అని, ఎక్కనోడి అని, వాళ్ళు పలికినట్టే.